కుర్మయ్య ప్రశ్న, మార్తమ్మ ఆదివారం

గొంతు పోయాక మాట్లాడేవాడికి రాయడం ఒక్కటే మిగులుతుంది. నాగర్‌కర్నూల్ దవాఖానలో డాక్టరమ్మ నా గొంతులోకి లైటు వేసి చూసి, "ఏం పని చేసేటోళ్లు?" అని అడిగింది.

"దేవుడున్నాడని చెప్పేవాణ్ణమ్మా."

"దానికి ఇంత అరవాల్నా?" అంది.

ఎన్నో ఏళ్ళు ఊరూరా తిరిగి ప్రశ్నలకు జవాబులు చెప్పినవాణ్ణి. ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం మాత్రల చీటీ తీసుకుని బయటకు వచ్చేశాను.

ఈ మధ్య వనపర్తిలో, మా పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నలుగురు చుట్టూ చేరి, "అంకుల్, ఏమేం చదవాలి?" అని అడిగారు. చదవాల్సినవి వాళ్ళ ఫోనుల్లో నాకంటే ఎక్కువే ఉన్నాయి. చదువులో దొరకనిది ఒకటి చెబుదామని ఇది రాస్తున్నాను. గోపాల్‌పేటలో మార్తమ్మ అనే ఆమె తన ఆదివారాన్ని పోగొట్టుకుంది, నా తెలివి వల్ల. అది ఆమెకు మళ్ళీ దక్కింది, నా తెలివి వల్ల మాత్రం కాదు. ఈ రెంటి మధ్యా జరిగిందే మన వృత్తి.

దుకాణం చదువు

మాది గద్వాల. ఇంట్లో క్రైస్తవం తాత కాలం నుంచి ఉంది, చీరల దుకాణం నాయన కాలం నుంచి ఉంది. ఆదివారం పొద్దున రెండింటికీ పోటీ పడేది. చర్చికి బయలుదేరే వేళకు గిరాకీ గడప ఎక్కితే, నాయన అమ్మతో మెల్లగా, "నువ్వు పోయి పాట మొదలుపెట్టు. నేను ఆమెన్‌కు అందుకుంట" అనేవాడు. చాలాసార్లు అందుకునేవాడు కూడా.

నేను వేదాంతం చదివింది తర్వాత. ముందు చదివింది ఆ దుకాణంలో, పరుపు మీద కూర్చుని. గిరాకీ అడిగే మొదటి ప్రశ్న అసలు ప్రశ్న కాదని నాయన అనేవాడు. "రంగు పోతదా?" అని అడిగే ఆమెకు రంగు గురించి బెంగ ఉండదు. ఇంటికి తీసుకుపోతే ఆడబిడ్డ ఏమంటుందో అని బెంగ. రంగు గురించి గంట చెప్పినా ఆమె కొనదు. "మీ ఆడబిడ్డకు నచ్చకుంటే మార్చుకోండమ్మా" అంటే చీర మడత పెట్టమంటుంది.

ఇంకొక కిటుకు, ఏదో ఒకటి ఒప్పుకోవడం. "అంచు బరువుగున్నది" అని గిరాకీ అంటే, "కాదు" అనకూడదు. "నిజమేనమ్మా, జర బరువే" అని ఒప్పుకోవాలి. ఆ తర్వాత "కానీ" అని మొదలుపెట్టాలి. ఒక్కటి ఒప్పుకున్నవాడు మిగతా తొమ్మిదీ నిజమే చెబుతున్నాడని జనం నమ్ముతారు. నా ఉపన్యాసాలన్నీ ఈ "నిజమే... కానీ" మీదే నడిచాయి. నా కొంప మునిగింది కూడా దాని మీదే.

కరపత్రాల్లో నన్ను "విశ్వాస సమర్థకులు" అని వేసేవారు. జనం మాత్రం "ప్రశ్నల సారు" అనేవారు. పాస్టర్లు పిలుస్తారు, గంటసేపు మాట్లాడతాను, తర్వాత ఎవరైనా ఏదైనా అడగొచ్చు. ప్రతిఫలంగా బస్సు చార్జీలు, అరటిపళ్ళు, శాలువా. పాలమూరు ఎండలో శాలువా కప్పించుకుని కూర్చున్నవాడికి నరకం గురించి ఎవరూ వేరే బోధించనక్కర్లేదు.

పెద్దయ్య, పెద్దపులి

ఈ పని నాకు నేర్పినాయన్ని మేమంతా పెద్దయ్య అనేవాళ్ళం. మహా పండితుడు. గొంతు విప్పితే చర్చి గంట ఎందుకు దండగ అనిపించేది. లోపం ఒక్కటే, ఆయన ప్రశ్నలు అడిగేది జవాబు కోసం కాదు.

ఒకసారి మన్ననూరులో సభ. అడవి పక్క ఊరు. పెద్దయ్య చెయ్యి పైకెత్తి, "ఇప్పుడే, ఈ క్షణమే, మీ ముందుకు ఒక పెద్దపులి వస్తే ఏం చేస్తారు?" అని గర్జించాడు. దేవునికి మొరపెడతామని జనం మనసులో అనుకోవాలని ఆయన ఉద్దేశం.

ముందు వరుసలో ఒకాయన లేచాడు. "ఫారెస్టోళ్లకు చెప్పాలె సార్."

"దాన్ని మనమేం అనొద్దు. కేసైతది" అని ఇంకొకాయన.

"చెప్పనీకి సిగ్నల్ యాడుంటది? గుట్ట ఎక్కాలె గద" అని ఒకామె.

అంతే, సభ రెండుగా చీలింది, గుట్ట ఎక్కాలనేవాళ్ళు ఒక పక్క, ఆఫీసుకే పోవాలనేవాళ్ళు ఒక పక్క. పెద్దయ్య ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. చివరికి నేను వెనక నుంచి లాల్చీ పట్టి లాగాను.

తిరుగు బస్సులో, "వీళ్ళకు విశ్వాసం లేదు" అన్నాడు.

"ఉంది పెద్దయ్యా. ఫారెస్టాఫీసు మీద" అన్నాను.

కానీ ఆయనలో ఒకటి చూసి నేర్చుకోవాలి. ప్రశ్న అడిగినవాడు తాగి తూలుతున్నా సరే, చేతులు జోడించి పూర్తిగా వినేవాడు. ఎవరినీ నలుగురిలో నవ్వులపాలు చేయలేదు. ఇప్పటి పిల్లలు "ఒక్క మాటతో నోరు మూయించాడు" అని వీడియోలు పెట్టుకుంటున్నారు. నోరు మూయించి ఏం చేస్తారు నాయనా? నోరు మూసుకున్న గిరాకీ పక్క దుకాణానికి పోతాడు.

గొంతులో ఉండిపోయిన "కానీ"

ఇక గోపాల్‌పేట సంగతి. అక్కడి పాస్టరు దానియేలు చాలా మెత్తటి మనిషి, ఫోనులో కూడా తల వంచుకుని మాట్లాడతాడు. ఆయన పిలిస్తే ఒక ఎండాకాలం వెళ్ళాను. సభ బుచ్చన్న టీ హోటలు ఎదురుగా ఉన్న ఖాళీ జాగాలో. బుచ్చన్న క్రైస్తవుడు కాడు. అయినా ఆ జాగాలో ఎవరు సభ పెట్టినా చాయ్ అతనిదే గనుక, అన్ని మతాలూ బాగుండాలని మనస్ఫూర్తిగా కోరుకునే మనిషి.

ఉపన్యాసం బాగా వచ్చింది. ప్రశ్నల వేళకు ఒక ఆటో డ్రైవరు లేచాడు. పేరు కుర్మయ్య. ఒకప్పుడు కూలికి పుణె దాకా పోయివచ్చి, ఇప్పుడు గోపాల్‌పేట నుంచి వనపర్తికి ఆటో నడుపుతున్నాడు. తను చర్చికి రాడు, భార్య వస్తుంది. మా వైపు ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి.

"సార్, అన్నీ దేవుడే చేసిండంటివి. మరి దేవుణ్ణి ఎవరు చేసిండ్రు?"

మా వ్యాపారంలో ఇది ఉప్పు పొట్లం. ప్రతివాడూ అడుగుతాడు, మిగిలేదేమీ ఉండదు. "ఒకరు చేస్తే తయారైనవాడు దేవుడెట్లయితడు తమ్మీ? మొదలైనదానికి మొదలుపెట్టినవాడు కావాలె. మొదలే లేనివానికి ఎవరు కావాలె?" అన్నాను. జనం తలలూపారు. కుర్మయ్య కూడా ఊపాడు. ఊపి, కూర్చోలేదు. లేచి నిలబడ్డ గిరాకీ బయటకు పోకుండా అక్కడే ఉన్నాడంటే అతనికి కావాల్సింది ఇంకా చూపించలేదని అర్థం. చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతే. ఆ పూట చప్పట్లు వినిపిస్తుంటే తట్టలేదు.

"సరే సార్. ఇంకోటి. చర్చికి పోయేటోళ్లు మంచిగైతరంటరు. మా ఊర్ల పోయొచ్చిన ఆడోళ్లు నలుగురు కూడి పక్కోళ్ల ముచ్చట చెప్పుకొని పకపక నవ్వుతరు. నిజమా కాదా?"

నా చేతికి అందిన చక్కటి బంతి. ఒప్పుకుంటే సభ అంతా నాదే. రెండు చేతులూ చాచి, మైకు దగ్గరికి లాక్కుని, "కుర్మయ్యా, నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఒప్పుకుంటున్నాను!" అన్నాను.

అని, "కానీ" కోసం ఊపిరి తీసుకున్నాను.

ఆ ఊపిరిలోనే అంతా అయిపోయింది. కుర్మయ్య ఈల వేశాడు. వెనక వరుసలు లేచి గంతులు వేశాయి. ఎవరో అతన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. సభ ముగిసిందనుకుని మైకు అతను పాట పెట్టేశాడు. నా "కానీ" గొంతులోనే ఉండిపోయింది. మొన్న డాక్టరమ్మ లైటు వేసి చూసింది బహుశా దాన్నే.

ఏం జరిగిందో అర్థంకాక నిలబడి ఉంటే, ఇస్త్రీ చీర కట్టుకున్న ఒకామె నేరుగా వేదిక దగ్గరికి వచ్చింది. కుర్మయ్య భార్య మార్తమ్మ.

"ఎవరు ఒప్పుకోమన్నరు సార్ నిన్ను?"

"ఏమైందమ్మా?"

"ఏమైందా? నిన్న ఈ హోటల్ల నలుగురి ముంగట పందెమైంది. నువ్వు గెలిస్తే ప్రతి ఆదివారం ఆయనే నన్ను ఆటోల చర్చికి దింపాలె, తోలుకరావాలె. ఆయన మాట నువ్వు ఒప్పుకుంటే నేను చర్చి బంద్ చెయ్యాలె. వనపర్తిల నీ మాటలు విన్న. ఈ సారు ఎవ్వనికీ ఒప్పుకోడని పందెం కట్టిన."

"నాకొక్క మాట చెప్పొద్దా అమ్మా?"

"నువ్వు ఓడిపోతవని ఎవరికెరుక సార్?"

బుచ్చన్న అప్పటికే చాయ్ గ్లాసులతో వచ్చాడు. నేను "కానీ" ముక్క చెప్పి సభ కొనసాగిస్తానంటే తల అడ్డంగా ఊపాడు. "మాట మాటే సార్. నోటితోటంటే ఏమన్న సూద్దుము. మైక్‌ల అన్నవు."

ఇద్దరిదీ ఒకే ధర

మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాను. దుకాణంలో పుట్టినవాణ్ణి, కుదరని బేరం ఉండదని నా నమ్మకం. కుర్మయ్య ఆటో కడుగుతున్నాడు. మార్తమ్మ చేను పనికి బయలుదేరుతోంది.

"కుర్మయ్యా, నెలకు రెండు ఆదివారాలు విడిచిపెట్టు" అన్నాను.

"లేదు సార్."

"పోనీ, పండుగల పూట?"

"పందెం పందెమే సార్. నువ్వే ఒప్పుకుంటివి."

అటు తిరిగాను. "అమ్మా, నువ్వన్నా జర తగ్గు. పాట అయిపోయినంక పోయి, ప్రార్థన చేసుకుని వచ్చేయి. దాన్ని చర్చి అనరు."

ఆమె నెత్తిన సద్ది సర్దుకుంటూ నన్ను చూసింది. "సగం ఆదివారం నేనేం చేసుకుంట సార్? మాట ఇచ్చిన, ఓడిన. తొండి చేసి పోతే ఆడ కూసోని ఏం పాట పాడాలె?"

కొనేవాడూ తగ్గక, అమ్మేవాడూ తగ్గక, ఇద్దరూ ఒకే ధర మీద నిలబడ్డ దుకాణం నేను చూడడం అదే మొదటిసారి. నేను చెప్పులు వేసుకుంటుంటే ఆమె గడప దాటుతూ, నాతో కాదన్నట్టు అంది. "ఆరు దినాలు కుర్మయ్య పెండ్లాం ఇటు రా, కుర్మయ్య పెండ్లాం ఆ మోపు ఎత్తు అంటరు. ఆ ఒక్క దినం ఆడ నన్ను మార్తమ్మా అని పిలుస్తరు."

దీనికి నా సంచిలో "నిజమే" ఉంది గానీ "కానీ" లేదు.

తర్వాత వారం వారం దానియేలు ఫోను చేసేవాడు. ఆ సంఘంలో పాట ఎత్తుకునేది మార్తమ్మే. ఆమె లేకపోయేసరికి సగం మంది ఒక చరణంలో, సగం మంది ఇంకొక చరణంలో ఉంటున్నారట. "మీమీద ఎవరికీ కోపం లేదండి" అని ప్రతిసారీ అనేవాడు. అలా ప్రతిసారీ అన్నాడంటే కోపం ఎంత ఉందో తెలుస్తూనే ఉంది.

ఓడిపోవడానికి వచ్చిన మనిషి

వానలు పడ్డాక ఒకరోజు నాగర్‌కర్నూల్‌లో మా ఇంటి ముందు ఆటో ఆగింది. కుర్మయ్య. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి.

"సార్, నువ్వు మళ్ల రావాలె. ఈసారి గెల్వాలె."

కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చాను. నీళ్ళు తాగి తన గోడు వెళ్ళబోసుకున్నాడు. పందెం అయిన తర్వాతి ఆదివారం మార్తమ్మ ఎప్పట్లాగే తలస్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, వచ్చి ఆటోలో ముందు సీటులో కూర్చుందట. ఇదేందంటే, "చర్చి బంద్ అన్నవ్. ఇంట్ల కూసోమనలే గద" అందట. అప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున మొదలు పొద్దుగూకే దాకా గోపాల్‌పేట నుంచి వనపర్తికి, వనపర్తి నుంచి గోపాల్‌పేటకు.

"పాటలు పాడతది సార్. సంతకు పోయే ముసలోళ్లు కనవడితే 'ఆపు, పాపం' అంటది. వాళ్ల తాన పైసలు అడగనియ్యది. గుట్కా నోట్లేసుకుంటే సూస్తది. ఏమనది సార్. సూస్తది."

"అయితే పందెం రద్దని నువ్వే చెప్పెయ్యి."

"ఎట్ల చెప్తా? మైక్‌ల గెలిచిన. ఇప్పుడు నేనే ఇడిసిపెడితే పెండ్లానికి భయపడ్డడంటరు."

"భయపడ్డవా?"

"అది వేరే ముచ్చట సార్."

నాటకం ఆడనని ముందే చెప్పాను. దేవుడి పేరు మీద కుమ్మక్కు అయితే మా నాయన సమాధిలోంచి లేచి వస్తాడు. ఆయనకు దొంగ తూకం ఒక్కటే పాపం, మిగతావన్నీ బలహీనతలు. "నీకు నిజంగా ఉన్న ప్రశ్న అడుగు. నాకు తెలిస్తే జవాబు చెప్త" అన్నాను.

"ఏదన్న చెప్పు సార్. నేను ఒప్పుకుంట" అన్నాడు. నా మాట అతని చెవికి ఎక్కలేదు. అతని మాట నాకూ ఎక్కాల్సినంత ఎక్కలేదు.

బుచ్చన్న తీర్పు

ఈసారి వేదిక లేదు, మైకు లేదు. ఆదివారం మధ్యాహ్నం బుచ్చన్న హోటలు ముందు బల్లలు వేశారు. చర్చి నుంచి వచ్చినవాళ్ళు ఒక పక్క, మిగతా ఊరంతా ఒక పక్క. మార్తమ్మ ఆటో దిగలేదు, ముందు సీటులోంచే చూస్తోంది.

కుర్మయ్య లేచి గొంతు సవరించుకున్నాడు. "దేవుడు యాడుంటడు సార్?"

"అన్నిచోట్లా ఉంటడు."

"ఒప్పుకున్న! సారు గెలిచిండు. బుచ్చన్నా, అందరికి చాయ్ పొయ్యి."

హోటలు పైకప్పు రేకులు అదిరేలా కేకలు. "కుమ్మక్కైండ్రు! కుమ్మక్కైండ్రు!"

బుచ్చన్న గంటె చేత్తో పట్టుకునే ముందుకు వచ్చాడు. "ఏం రా కుర్మయ్యా, చాయ్‌ల చక్కెర తక్కువైతే అద్ద గంట కొట్లాడుతవ్. దేవుణ్ణి ఒక్క నిమిషంల ఒప్పుకుంటివా? చెల్లదు."

చెప్పిన మొదటి ధరకే కొనేసి పోయే గిరాకీని ఏ బజారూ నమ్మదు. బుచ్చన్నది న్యాయమైన తీర్పు.

"పెండ్లాం ముంగట సీట్ల కూసుంటే గిట్లనే ఐతది మామా" అని ఎవరో అన్నారు.

"ఆటో పెండ్లాం పేరు మీద రాసిచ్చిండంట" అని ఇంకొకరు.

కుర్మయ్య మెడ నరాలు లేచాయి. జనం వైపు ఒకసారి, ఆటో వైపు ఒకసారి చూసి, గిర్రున నా మీదికి తిరిగాడు.

"ఐతే అడుగుత! దేవుడు యాడుంటే నాకేంది సార్? మీ చర్చి ఆడోళ్లు నా బండి కనవడితే ఎందుకు నవ్వుతరు? ఎక్కేటప్పుడు నవ్వుతరు, దిగేటప్పుడు నవ్వుతరు. ఈమె ఆడికి పోయి నా గురించి ఏం చెప్పింది? గది చెప్పు!"

ఎండాకాలం సభలో నేను ఒప్పేసుకున్నది ఈ ప్రశ్ననే. అప్పుడు దాన్ని ఊరందరి మీదా పెట్టి అడిగాడు. నేను ఊరందరికీ జవాబిచ్చి చప్పట్లు కొట్టించుకుందామని చూశాను. రంగు పోతదా అని అడిగిన ఆమెకు రంగు గురించే చెబుతూ కూర్చున్నాను. మా నాయన చూసి ఉంటే దుకాణంలోంచి వెళ్ళగొట్టేవాడు.

"నాకు తెల్వదు కుర్మయ్యా. నీ బండిల కూసున్నామెనే అడుగు" అన్నాను.

మార్తమ్మ ఆటో దిగింది. కొంగు నడుముకు దోపుకుంది.

"సూది ముచ్చటనా? గందుకు నవ్విన్రనా ఇంత చేసినవ్?"

"ఏ సూది?" అన్నాడు బుచ్చన్న వెంటనే. "ఏ సూది, ఏ సూది?" అని బల్లలన్నీ ముందుకు జరిగాయి. కుర్మయ్య ముఖంలో నెత్తురు లేదు.

ఇక్కడ కొంచెం చెప్పాలి. మా చర్చిల్లో సాక్ష్యం అని ఒక ఆచారం ఉంది. ఆ వారం తమకు దేవుడు చేసిన మేలును ఎవరైనా లేచి నలుగురిలో చెప్పుకుంటారు. ఆ ఏడు, ఎండాకాలం సభకు ముందు, కుర్మయ్యను పిచ్చికుక్క కరిచింది, దవాఖానలో సూదులు వేశారు. ఇంతవరకు రాయడానికి కుర్మయ్య ఒప్పుకున్నాడు. చాలాసేపు బేరమాడాక, సూదికి భయపడ్డాడని కూడా రాసుకోమన్నాడు. దవాఖాన వెనక గోడ సంగతి మాత్రం రాయొద్దన్నాడు. అందుకని గోడ సంగతి రాయడం లేదు.

బల్లల మీద వాళ్ళు అరుస్తూనే ఉన్నారు. మార్తమ్మ వాళ్ళందరి వైపూ తీరిగ్గా చూసింది. "అది చర్చిల చెప్పిన ముచ్చట. చాయ్ హోటల్ల చెప్పేది కాదు."

"జర చెప్పక్కా!"

"చెప్ప." మొగుడి వైపు తిరిగింది. గొంతు తగ్గింది. "ఇన్ని ఆదివారాలు నీ బండిల కూసున్న. ఒక్క గిరాకికన్న చెప్పిన్నా?"

కుర్మయ్య నేల చూశాడు. "మరి ఆడ ఎందుకు చెప్పినవ్?"

"నవ్వించనీకా? కుక్క కరిసిన మనిషి బతుకుతడో లేడో అని వారం దినాలు కంటి మీద కునుకు లేదు నాకు. నువ్వు బతికినవని ఏడ్చుకుంట చెప్పిన. నడుమల ఆ ముక్క వచ్చింది, వాళ్లకు నవ్వొచ్చింది. నాకు గూడ వచ్చింది."

"నన్నడిగి చెప్పాలె గద."

"ఇగ నిన్నడిగి చెప్తా."

అంతే. నేను ఎంత బేరమాడినా ధర దిగని ఇద్దరు, ఒకరి ముఖం ఒకరు చూసుకుని చెరి ఒక మెట్టు దిగారు. మధ్యవర్తిని నేను, నాకు చాయ్ కూడా దక్కలేదు. బుచ్చన్న గంటె ఊపుతూ, "ఇంతకు గెలిచింది ఎవరు?" అని అడిగాడు.

"సారే" అన్నాడు కుర్మయ్య.

"జవాబేం చెప్పిండని?"

"తెల్వదన్నడు."

"గది జవాబెట్లయితది రా?"

"అడిగింది నేను. నాకు చాలింది. నీకేంది బాధ?" అన్నాడు కుర్మయ్య. ఈసారి అరగంట కొట్లాడేలా ఉన్నాడని చూసి, బుచ్చన్న చెల్లుతుందన్నాడు.

పిల్లలూ, దీన్నుంచి "తెలియదు" అనడం మహా జవాబని నేర్చుకోకండి. తెలిసినదాన్ని తెలియదన్నవాడు సోమరి. కాకపోతే ముందు, ప్రశ్న ఎవరిదో చూడండి. కొన్ని ప్రశ్నలు దేవుడి పేరు మీద మన దాకా వస్తాయి, జవాబు మాత్రం ఇంట్లోనే ఉంటుంది. అలాంటివి వచ్చినప్పుడు మైకు పక్కన పెట్టి, దారి చూపించి తప్పుకోవాలి.

కిటికీ పక్కన

తర్వాతి ఆదివారం దానియేలు నన్ను చర్చికి రమ్మన్నాడు. ప్రసంగించొద్దని, ఊరికే కూర్చోమని, తల వంచుకునే చెప్పాడు. పందెం ప్రకారం ఆటో గుమ్మం దాకా వచ్చింది. మార్తమ్మ దిగింది. కుర్మయ్య లోపలికి రాలేదు గానీ, పోనూ లేదు. గిరాకీ కోసం ఆగానన్నాడు. అందరూ చర్చిలో ఉన్న వేళ ఏ గిరాకీ వస్తుందో నేను అడగలేదు. ఆటోను కిటికీ పక్కకు తెచ్చి, నీడ కోసమే అన్నట్టు, ఇంజను ఆర్పకుండా నిలబెట్టాడు. అటు వైపు నీడ లేదు.

పాట మార్తమ్మ ఎత్తుకుంది. అందరూ ఒకే చరణంలో ఉన్నారు.

"సాక్ష్యం చెప్పేవాళ్ళు ఎవరైనా?" అని దానియేలు అడిగాడు. మార్తమ్మ లేచింది. ఆడవాళ్ళు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. కిటికీ అవతల ఇంజను ఆగిపోయింది.

ఆమె కిటికీ వైపు ఒకసారి చూసి, చేతులు జోడించింది.

"ఈ వారం మా ఇంట్ల ఏం జరగలే. దేవునికి స్తోత్రం."

"ఆమెన్" అన్నారు అందరూ.

కిటికీ అవతల నుంచి హారన్ ఒక్కసారి, పొట్టిగా మోగింది. ఆమెన్‌కు అందుకున్నాడు.